మీట ఒకటి, పనులు రెండు: కోలారు సీమ నుంచి చూసిన తెలుగు కీబోర్డు చరిత్ర

నరసాపురం అనగానే సాధారణ తెలుగు పాఠకునికి గోదావరి తీరాన, లేసు అల్లికలకు పేరుపడిన పట్టణం గుర్తుకు వస్తుంది. ఈ వ్యాసంలో మేము ప్రస్తావించే నరసాపురం అది కాదు. ఇది కర్ణాటకలో, కోలారు పట్టణానికి పడమట, బెంగుళూరు నుంచి చెన్నై పోయే రహదారి మీద ఉన్న ఊరు. ప్రభుత్వ కాగితాలలో దీని పేరు నరసాపుర. ఈ సీమలో చాలా ఇళ్ళలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. కొంచెం తూర్పుకు పోతే బంగారు గనుల పట్టణంలో వీటికి తమిళం కూడా తోడవుతుంది. అక్కడ గనుల యాజమాన్యం జాన్ టేలర్ కంపెనీ చేతిలో ఉన్న కాలం నుంచి కార్యాలయ వ్యవహారం ఇంగ్లీషులో నడిచింది. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడ్డాయి. నరసాపురం చరిత్ర మాత్రం వేరే దారి పట్టింది. ఊరి పక్క పారిశ్రామిక వాడలో 2013లో హోండా వారి ద్విచక్ర వాహనాల కర్మాగారం మొదలైంది. 2020లో విస్ట్రాన్ సంస్థ అక్కడ ఆపిల్ వారి ఐఫోన్లను కూర్చసాగింది. 2023లో ఆ కర్మాగారం టాటా వారి చేతికి వచ్చింది.

అంటే ప్రపంచంలోని ఇన్ని లిపులనూ రాయగల యంత్రం ఈనాడు ఇంట తెలుగు మాట్లాడే ఊళ్ళ మధ్యనే తయారవుతున్నది. అయితే ఆ ఊళ్ళ పిల్లలలో ఎందరు తమ ఇంటి మాటను తమ లిపిలో ఆ యంత్రంపై రాయగలరు? ఈ ప్రశ్నకు సమాధానం బడిలో మాత్రమే దొరకదు. కొంత సమాధానం మీటల పలకలో, అంటే కీబోర్డులో ఉంది. కంప్యూటరులో ప్రతి మీటకూ రెండు పనులు: ఒకటి అక్షరం రాయటం, రెండవది ఆజ్ఞ ఇవ్వటం. ఈ రెండు పనులకూ మధ్య తగవు వచ్చినప్పుడల్లా ఓడిపోయింది ఇంగ్లీషు కాని అక్షరమే. ఆ తగవు ఎలా పుట్టిందో, తెలుగువారు దానిని ఎలా దాటుతూ వచ్చారో, రాష్ట్రం వెలుపలి తెలుగు విద్యార్థికి అందులో పనికివచ్చేది ఏమిటో ఇక్కడ పరిశీలిద్దాం.

ఆజ్ఞకు ఇంగ్లీషు అక్షరం ఎందుకు అతుక్కుంది

కంట్రోల్ మీట నొక్కిపట్టి 'సి' కొడితే నకలు, 'వి' కొడితే అతుకు, 'ఎస్' కొడితే భద్రపరచటం. దీనికి మనం ఎంత అలవాటుపడ్డామంటే ఇది ప్రకృతి నియమం అనుకుంటాం. నిజానికి దీనికొక చరిత్ర ఉంది.

1963లో అమెరికాలో ఆస్కీ అనే సంకేత ప్రమాణం వెలువడింది. దూరముద్రణ యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవటానికి అది ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చింది. పెద్ద 'ఎ'కు 65, 'బి'కి 66, 'సి'కి 67. వీటికి ముందున్న 0 నుంచి 31 వరకు అంకెలు అక్షరాలవి కావు. గంట మోగించు, పంక్తి మార్చు, ప్రసారం ఆపు వంటి ఆదేశాలవి. కంట్రోల్ మీట చేసే పనల్లా అక్షరం అంకెలోంచి 64 తీసివేయటమే. కనుక కంట్రోల్‌తో 'సి' అంటే 3, కంట్రోల్‌తో 'ఎమ్' అంటే 13, అంటే బండిని పంక్తి మొదటికి తెచ్చే ఆదేశం. ఈ లెక్క ఇంగ్లీషు వర్ణమాల ఇరవైయారు అక్షరాల మీద నడుస్తుంది. 'క'కు గాని, 'మ'కు గాని ఇందులో చోటు లేదు. ఎవరో తెలుగును కావాలని బయట నిలబెట్టారని కాదు. ఆ ఇంటికి కొలతలు తీసినప్పుడు ఇంకొకరు వస్తారన్న ఊహే లేదు.

తరువాతి మెట్టు తెర మీద రాతను కత్తిరించి అతికించే పద్ధతి. 1970లలో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధనాలయంలో లారీ టెస్లర్, ఆయన సహచరులు దీనిని తీర్చిదిద్దారు. ఆపిల్ సంస్థ 1983లో లీసా, 1984లో మకింటాష్ యంత్రాలను తెచ్చినప్పుడు కింది వరుసలో పక్కపక్కనే ఉన్న 'జెడ్', 'ఎక్స్', 'సి', 'వి' మీటలకు రద్దు, కత్తిరింపు, నకలు, అతుకు అనే నాలుగు పనులు అప్పగించింది. 1987లో ఐబిఎమ్ వారు వేరొక మార్గం సూచించారు. కంట్రోల్‌తో ఇన్సర్ట్ కొడితే నకలు, షిఫ్ట్‌తో ఇన్సర్ట్ కొడితే అతుకు, షిఫ్ట్‌తో డిలీట్ కొడితే కత్తిరింపు. ఇందులో ఏ భాష అక్షరమూ లేదు. కాని 1992లో వచ్చిన విండోస్ 3.1 ఆపిల్ వారి నాలుగు అక్షరాలను కంట్రోల్ మీటకు కట్టి ప్రచారంలోకి తెచ్చింది, అదే లోకమంతా పాకింది. ఐబిఎమ్ పద్ధతి చావలేదు. ఈనాటికీ అనేక ప్రోగ్రాములలో అది పనిచేస్తుంది.

తెలుగు మీటలు: ఆకారం నుంచి ధ్వనికి

ఇక మన వైపు చూద్దాం. తెలుగు టైపురైటరు అక్షరాన్ని ఆకారంగా చూసింది. గుణింతపు గుర్తులు, ఒత్తులు, విడి ముక్కలు ఒక్కొక్క మీటకు దక్కాయి. కొన్ని మీటలు కొడితే బండి కదలదు, గుర్తు పడి అక్కడే ఆగుతుంది, దాని మీద తరువాతి ముక్క పడుతుంది. టైపిస్టు చేసే పని రాయటం కంటే పేర్చటానికి దగ్గర.

కంప్యూటరు వచ్చాక ఈ దృష్టి మారింది. 1980లలో ఐఐటి కాన్పూరులో భారతీయ లిపుల మీద జరిగిన కృషి, 1988లో పుణెలో స్థాపితమైన సీడాక్ సంస్థలో జిస్ట్ అనే పేరుతో కొనసాగింది. దాని మూలసూత్రం ఇది: మనిషి అక్షరాన్ని పలికే వరుసలో కొట్టాలి, ఆకారం పేర్చే పని యంత్రం చూసుకోవాలి. 'స్త్రీ' అని రాయాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. ఒత్తు ఎక్కడ కూర్చోవాలో తెలుసుకోవలసిన బాధ్యత యంత్రానిది.

ఈ సూత్రం మీద కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరికను ప్రమాణీకరించింది. 1988లో సవరించింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఇస్కీ సంకేత ప్రమాణంతో పాటు దానిని ప్రకటించింది. ఇందులో అచ్చుల గుర్తులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. అల్పప్రాణం మామూలుగా, మహాప్రాణం షిఫ్ట్‌తో: 'క' ఉన్న మీట మీదే 'ఖ', 'త' ఉన్న మీట మీదే 'థ'. పొల్లు ఎడమ చేతి మధ్యవేలి కింద, ఇంగ్లీషు 'డి' మీట మీద. చిన్నప్పుడు పలక మీద వర్గాల వారీగా దిద్దుకున్న అక్షరమాలే ఇక్కడ వేళ్ళ కింద పరచుకున్నది.

రెండు లిపులకు ఒకే వేళ్ళు

ఇన్‌స్క్రిప్ట్ గుణం హైదరాబాదులో కంటే కోలారులో బాగా తెలుస్తుంది. ఆ అమరికలో తెలుగుకూ కన్నడానికీ మీటలు ఒకటే. 'కోలారు' అని రాయాలంటే క, ఓత్వం, ల, దీర్ఘం, ర, కొమ్ము. వేళ్ళు కదిలే తీరు ఏ లిపిలోనైనా అదే. మారేది తెర మీద కనబడే ఆకారం మాత్రమే. బడిలో కన్నడం టైపు చేయటం నేర్చిన పిల్లవాడికి తెలుగు టైపు చేయటం అప్పటికే వచ్చినట్టు. వాడికి మిగిలింది ఆ లిపిని చదవటం నేర్చుకోవటమే.

ఇది యాదృచ్ఛికం కాదు. ఒకప్పుడు ఈ రెండు లిపులూ ఒకటే, దానినే పరిశోధకులు తెలుగు-కన్నడ లిపి అంటారు. సుమారు 13వ శతాబ్ది తరువాత క్రమంగా విడివడి, అచ్చుయంత్రం వచ్చాక స్పష్టంగా వేరయ్యాయి. అయినా కోలారు సీమలో వీటి మధ్య రాకపోకలు ఆగలేదు. 2007 దాకా కోలారు జిల్లాలో భాగంగా ఉన్న కైవారంలో వెలసిన యోగి నారేయణ తాతయ్య తెలుగులోను, కన్నడంలోను తత్త్వాలు చెప్పారు. ఆయన తెలుగు పాటలను కన్నడ లిపిలో చదివి పాడుకొనేవారు ఈ సీమలో ఉన్నారు. భాష ఒకటి, లిపి మరొకటి కావటం ఇక్కడివారికి వింత కాదు.

ఇస్కీ చేసినది ఈ పనినే యంత్రానికి నేర్పటం. అందులో భారతీయ లిపులన్నిటి 'క'కూ ఒకటే అంకె. ఏ లిపిలో చూపాలో వేరే గుర్తు చెబుతుంది. తెలుగులో దాచిన పాటను ఆ గుర్తు మార్చి కన్నడ లిపిలో చూడవచ్చు. 1991లో వెలువడిన యూనికోడ్ ఈ ఏర్పాటును మార్చి ప్రతి లిపికీ విడి స్థలం ఇచ్చింది. తెలుగుకు 3072 నుంచి 3199 దాకా, వెంటనే కన్నడానికి 3200 నుంచి 3327 దాకా. కాని లోపలి వరుస ఇస్కీ నుంచి తీసుకున్నదే. కనుక తెలుగు 'క' 3093 అయితే కన్నడ 'క' 3221. ఈ రెండింటికీ తేడా 128. మిగిలిన ఉమ్మడి అక్షరాలకూ ఇదే తేడా. రెండు ఇళ్ళ మధ్య గోడ వచ్చింది గాని, గదుల వరుస మారలేదు.

తగవు ఎక్కడ వస్తుంది

ఇంత మంచి అమరిక ఉండగా అది ఇంటింటికీ ఎందుకు చేరలేదు? మొదటి కారణం అందరికీ తెలిసినదే. యూనికోడ్ అమలులోకి రావటానికి ముందు అచ్చుపనికి వచ్చిన తెలుగు ప్యాకేజీలు ఒక్కొక్కటీ తన సొంత సంకేతాన్ని, సొంత మీటల అమరికను వాడింది. ఒకదానిలో కొట్టినది మరొకదానిలో పిచ్చిగీతలుగా కనబడేది. విండోస్‌లో తెలుగుకు అంతర్గతమైన ఆదరువు 2001లో ఎక్స్‌పి తోనే వచ్చింది.

రెండవ కారణం అంతగా చర్చకు రానిది. తెలుగు మీటల అమరికలోకి మారగానే ఆజ్ఞల మీటలు ఏమవుతాయి? ఇన్‌స్క్రిప్ట్‌లో ఇంగ్లీషు 'సి' మీద 'మ' ఉంది, 'వి' మీద 'న', 'ఎస్' మీద ఏత్వం. ఇప్పుడు కంట్రోల్‌తో ఆ మీట కొడితే ప్రోగ్రాము దానిని 'నకలు' అనుకోవాలా, 'కంట్రోల్-మ' అనుకోవాలా? విండోస్‌లో మీటకు అక్షరంతో నిమిత్తం లేని ఒక అంతర్గత సంఖ్య ఉంటుంది. తెలుగు అమరికలోనూ ఆ సంఖ్య మారదు గనుక నకలు నకలుగానే జరుగుతుంది. లినక్సు వంటి వ్యవస్థల కిటికీ ప్రోగ్రాములలో మాత్రం మీట నుంచి పుట్టిన అక్షరాన్ని బట్టి ఆజ్ఞను గుర్తించటం వాడుక. అక్కడ 'కంట్రోల్-మ' ఎవరికీ చెందని ఆజ్ఞ. కొట్టినవాడు నకలు అయిందనుకుంటాడు, కాదు. భద్రమైందనుకుంటాడు, కాదు. ఈ చిక్కు తెలుగువారిదే కాదు, గ్రీకు, రష్యన్, హీబ్రూ రాసేవారిది కూడా. తరువాత ప్రోగ్రాముల నిర్మాతలు, ఈ అక్షరానికి ఆజ్ఞ లేకపోతే అదే మీటకు ఇంగ్లీషు అమరికలో ఏముందో చూడమని ప్రోగ్రాములకు నేర్పారు.

ఈమాక్స్ అనే రాత ప్రోగ్రాము ఇంకొక పరిష్కారం చూపింది. 1997లో వచ్చిన దాని ఇరవైయవ రూపంలో బహుభాషా పద్ధతిని చేర్చారు. కీబోర్డును ఇంగ్లీషులోనే ఉంచి, అక్షరాలను మార్చే పని ప్రోగ్రాము లోపలే జరుపుతారు. ఆజ్ఞలకు ఇంగ్లీషు, రాతకు తెలుగు, రెంటికీ తగవు లేదు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కూడా అందులో దొరుకుతుంది. విమ్ అనే మరొక ప్రోగ్రాములో ఆజ్ఞలు చాలావరకు మామూలు అక్షరాలే. అందులో ఏ అక్షరాన్ని ఏ ఇంగ్లీషు అక్షరంగా భావించాలో వాడుకరి ముందే రాసిపెట్టుకోవచ్చు.

తగవు రెండవ వైపు నుంచి కూడా వస్తుంది. ఆజ్ఞ అక్షరాన్ని మింగేస్తుంది. పోలిష్ భాషలో 'ఎస్' మీద గీత ఉన్న అక్షరాన్ని కుడి ఆల్ట్ మీటతో 'ఎస్' కొట్టి రాస్తారు. విండోస్ కుడి ఆల్ట్‌ను కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కినట్టుగా లెక్కిస్తుంది. 2015లో మీడియం అనే రచనా వేదికలో పోలిష్ వారికి ఆ ఒక్క అక్షరం పడకుండా పోయింది. కంట్రోల్‌తో 'ఎస్' వస్తే ఊరుకోమని రాసిన చిన్న ఆదేశం, పక్కన ఆల్ట్ కూడా ఉందేమో చూడలేదు. మన రూపాయి గుర్తుదీ అదే దారి. 2010లో స్వీకరించిన ఆ గుర్తును విండోస్‌లోని భారతీయ ఇంగ్లీషు అమరికలో కుడి ఆల్ట్‌తో 4 కొట్టి రాస్తాం. ఏ ప్రోగ్రామైనా ఆ జతను తన ఆజ్ఞగా పెట్టుకుంటే లెక్కలు రాసేవాడికి రూపాయి దక్కదు.

తెలుగుకు ఇంకా సూక్ష్మమైన అవసరం ఒకటి ఉంది. 'రాజ్‌కుమార్' అన్న పేరు చూడండి. జకారపు పొల్లు విడిగా నిలవాలంటే పొల్లు తరువాత కనబడని విరుపు గుర్తు ఒకటి వేయాలి. వేయకపోతే 'రాజ్కుమార్' అని 'క' ఒత్తుగా కిందికి దిగుతుంది. ఇంగ్లీషు మాటలు, కన్నడ సీమ పేర్లు నిత్యం రాసేవారికి ఈ గుర్తు లేనిదే గడవదు. విండోస్ ఇన్‌స్క్రిప్ట్‌లో దానిని కంట్రోల్, షిఫ్ట్ నొక్కిపట్టి 2 కొట్టి వేస్తారు. అంటే మన అక్షరంలో ఒక భాగం ఆజ్ఞల పొలంలో నాటి ఉంది. ఆ జత మీటలను ఏ ప్రోగ్రాము తన పనికి పట్టుకున్నా మన పేర్లు చెడిపోతాయి.

రోమను దారి

ఈ చిక్కులన్నిటినీ పక్కదారిన దాటినది లిప్యంతరీకరణ పద్ధతి. 1990ల ఆరంభంలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ రూపొందించిన ఆర్టీఎస్ పద్ధతిలో తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో కొడితే యంత్రం తెలుగు లిపిలోకి మారుస్తుంది. చిన్న 'టి' అంటే త, పెద్ద 'టి' అంటే ట. 2006లో వీవెన్ తయారుచేసిన లేఖిని ఈ దారినే వేలమందికి చేరువ చేసింది. కన్నడంలో కె.పి. రావు ఇంగ్లీషు మీటల ధ్వనిని బట్టి రూపొందించిన అమరిక నుడి ద్వారా ప్రభుత్వ ఆమోదం పొందింది. 1998లో వచ్చిన బరహ తరువాత తెలుగునూ చేర్చుకుంది. ఇంగ్లీషు మీటలు తెలిసినవాడు ఆ రోజే రాయగలడు. ప్రవాసంలోని తెలుగువారి రాతలు ఇంత పెరిగాయంటే ఈ పద్ధతుల చలవే. దానిని తక్కువ చేయటం మా ఉద్దేశం కాదు.

అయితే దీనికొక ధర ఉంది. రాసేవాడి మనసులో అక్షరం ముందు ఇంగ్లీషులో పుట్టి తరువాత తెలుగవుతుంది. ఆ రెండవ మెట్టు బరువనిపించిన రోజున మొదటి మెట్టు మీదే ఆగిపోతాడు. సెల్‌ఫోనులో తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలలోనే పంపటం ఇలా మొదలైనదే. కోలారు సీమ పిల్లవాడికి ఇది రెట్టింపు నష్టం. వాడు బడిలో నేర్చిన కన్నడ అక్షరజ్ఞానం, తెలుగు లిపికి అంత దగ్గరి చుట్టం, నిరుపయోగంగా పక్కన ఉండిపోతుంది.

జ్ఞానానికి వచ్చిన చిక్కు

లోకం మన లిపిని ఎంతవరకు పట్టించుకున్నదో 2018 ఫిబ్రవరిలో ఒక సంఘటన చూపింది. జ, పొల్లు, ఞ, ఆపైన కనబడని విరుపు గుర్తు, చివర దీర్ఘం. ఈ అయిదూ వరుసగా ఉన్న రాత ఆపిల్ వారి ఫోనుకు గాని, మాక్ కంప్యూటరుకు గాని చేరితే దానిని చూపబోయిన ప్రోగ్రాము కుప్పకూలేది. 'జ్ఞా' అనే అక్షరాన్ని పేర్చే లెక్కలో ఆ విరుపు గుర్తుకు చోటు చూడకపోవటమే మూలం. ఫిబ్రవరి 19న ఆ సంస్థ సవరణ విడుదల చేసింది. పత్రికలు దానిని 'తెలుగు అక్షరం తెచ్చిన ప్రమాదం' అన్నట్టుగా రాశాయి. ప్రమాదం అక్షరంలో లేదు, దానిని పరీక్షించని ప్రోగ్రాములో ఉంది. ఆ తరువాత రెండేళ్ళకే ఆ సంస్థ ఫోన్లు నరసాపురంలో కూర్చబడటం మొదలైంది. 'జ్ఞానం' అన్న మాటను తమ సొంత మాటగా వాడే జనం మధ్యన.

విద్యార్థులకు

ఈ చరిత్ర నుంచి మేము తేల్చే విషయం ఒకటే. మీటకు అక్షరం పని ముందు, ఆజ్ఞ పని తరువాత. ఆజ్ఞకు మరొక మీట దొరుకుతుంది, అక్షరానికి మరొక అక్షరం దొరకదు. ప్రోగ్రాములు రాసే విద్యార్థులు మీలో అనేకులు. ఆజ్ఞలను పుట్టిన అక్షరానికి కాక మీట స్థానానికి కట్టండి. కుడి ఆల్ట్‌ను, కంట్రోల్-షిఫ్ట్ అంకెలను ఆజ్ఞలకు వాడబోయే ముందు అవి ఏ భాషలో అక్షరాలో చూడండి. వాడుకరి తన ఆజ్ఞల మీటలను తాను మార్చుకొనే వీలు ఉంచండి. పరీక్షించేటప్పుడు 'రాజ్‌కుమార్', 'జ్ఞానం' అన్న రెండు మాటలు కొట్టి చూడండి.

ప్రోగ్రాములు రాయని వారికి ఇంకా సులువైన పని ఉంది. కోలారులోనో, హోసూరులోనో, బళ్ళారిలోనో చదివే తెలుగు విద్యార్థి కొన్ని వారాలు రోజుకు అరగంట ఇన్‌స్క్రిప్ట్ మీద కూర్చుంటే వేళ్ళకు అమరిక పట్టుబడుతుంది. నకలు, అతుకు మొరాయించిన చోట ఇన్సర్ట్ మీటను ప్రయత్నించవచ్చు. కన్నడం వచ్చినవారికి ఆ అభ్యాసంతో రెండు లిపులూ చేతికి వస్తాయి. ఇంటి పాటను, అమ్మమ్మ సామెతను, ఊరి పేరును తెలుగు లిపిలో దాచండి. చదవలేని బంధువులు ఉంటే అదే వేళ్ళతో కన్నడ లిపిలోనూ రాసి ఇవ్వండి. సరిహద్దు సీమ తెలుగుకు ఇన్నాళ్ళూ లిపి ఒక గోడ అయింది. ఆ గోడలో తలుపు 1986 నుంచీ ఉంది. దానిని తెరవటమే మిగిలింది.